సీసాడు చెరువు నీళ్ళు

మేము చాకలోళ్ళం. పుంగనూరికీ రామసముద్రానికీ నడాన ఉండే ఊరు మాది. నేను కుప్పం వచ్చి ఎన్నో ఏండ్లయింది గాని, ఎవురన్నా "మీది యా ఊరమ్మా" అంటే ముందు ఆ ఊరి పేరే నోట్లోకి వస్తాది. దాని మింద నాకు ఎంత కోపం ఉన్నా అదే వస్తాది. ఆ కోపం యాలనో చెప్పాలంటే చెరువు సంగతి చెప్పాల. చెప్పేదానికి ఓపిక కూడా లేదు నాకు. ఒకటి చెప్పబోతే పది గుర్తొచ్చి తలనొప్పి లేస్తాది. అయినా చెప్తా.

ఊరికి పడమట చెరువు. కట్ట కింద వరిమళ్ళు. చెరువుకి పైపక్కంతా మిట్ట చేన్లు, వాన పడితే ఆ చేన్ల నీళ్ళన్నీ చెరువులోకే దిగేవి. కట్ట కొసన నాలుగు బండలుండేవి, అదే మా రేవు. మా తాత ఉతికింది ఆ బండల మిందనే, ఆయన నాయన ఉతికింది కూడా ఆడనే. ఊళ్ళో సంసారుల, అంటే రైతుల గుడ్డలన్నీ ఉతికేది మేమే. ఉతికినందుకు ఎవురూ దుడ్లు ఇచ్చేది లేదు. కోతలప్పుడు కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు, అంటే మా పాలు గింజలు. మాపుసారి మా అమ్మ గంప ఎత్తుకొని ఇల్లిల్లూ తిరిగితే తలా ఒక సంగటిముద్ద, ఇంత పులుసు పోసేవాళ్ళు. రేవుంటేనే మేర, మేర ఉంటేనే సంగటి. రేవు పోయిందంటే మాకు ఆ ఊళ్ళో పనిలేదు, పనిలేనోనికి మర్యాద ఎట్లా లేదు.

చాకిరేవు అంటే ఊరికే గుడ్డలు బండకేసి కొట్టేది అనుకుంటారు జనం. మీ నడుములు ఇరగ! తెల్లారేలోపల మూటలు కట్టాల. ఎవురి గుడ్డ ఎవురిదో జీడిపిక్కతో పెట్టిన గుర్తు చూసి పురుడు గుడ్డలు ఒకపక్క, పంచెలు ఒకపక్క ఏరాల. సౌడు మన్ను తెచ్చి నీళ్ళలో కలిపి ఆ తేటలో నానేయాల. బానలో ఆవిరికి ఉడకేయాల. ఆ తర్వాత కదా బండ. సాయంత్రానికి చేతులు నానిపోయి ఏళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడేవి. ఆ చేతులతోనే అన్నం తినాల, ఆ చేతులతోనే నేను ఎనిమిదో తరగతి దాకా పలకా బలపం పట్టినాను. ఎనిమిది అయినాక మా అమ్మ "సాల్లేమ్మే, రేవులో మనిషి తక్కువగా ఉండారు" అనింది. అంతటితో చదువు అయిపోయింది.

నాకు ఊహ తెలిసేటప్పటికి చేన్లకి ఏసేది దిబ్బలో పెంట, ఎండాకాలంలో చెరువు మన్ను. ఎండలు ముదిరి చెరువు ఇంకినాక బండ్లు దిగేవి. అడుగున పేరుకొన్న నల్లమన్ను తవ్వి చేన్లకి తోలుకొనేవాళ్ళు. ఊరంతా అదే పని, అదొక తిరనాళ్ళు. చేనికి బలం, చెరువుకి లోతు. తర్వాత డెబ్బైల్లో మూట ఎరువులు వచ్చినాయి. డి.ఎ.పి. అనే మాట పల్లురాలిన ముసలోళ్ళ నోట్లో కూడా తిరిగేది. టమోటా పెట్టడం మొదలైనాక అయితే చెప్పేపని లేదు. మూట విప్పి చల్లితే పైరు నల్లగా లేస్తావుంటే, ఎడ్ల గిట్టలు అరగదీసి మన్ను తోలేది ఎవురు? చూస్తా చూస్తా ఉండంగానే మన్ను బండ్లు నిలిచిపోయినాయి.

ఆ ఎరువు చల్లేదానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు మా ఊరోళ్ళు. మబ్బు పట్టిందంటే చాలు, గంపలు ఎత్తుకొని చేన్ల మింద పడేవాళ్ళు. వానకి ముందు చల్లితే ఎరువు లోపలికి దిగుతాదని నమ్మకం. మా పక్క వాన ఎట్లొస్తాదో తెలిసిందే కదా. ఆర్నెల్లు మొహం చూపీదు, వచ్చిందంటే ఒకే పోత. చల్లిన ఎరువు, చేని మింద మెత్తటి మన్ను, రెండూ కలిసి ఎర్రగా చెరువులోకి ఉరికేవి. అది చూసి ఎవురికీ బాధ లేదు. "చెరువు నిండతాండాది" అని సంబరమే.

ఖాళీ సంచులేమో మాకు పడేసేవాళ్ళు, ఉతికి పెట్టమని. ఆ సంచులు గట్టివి. దుప్పటికి, తడికకి, వానొస్తే తలమింద కొప్పెరకి అన్నిటికీ పనికొచ్చేవి. మేర తీసుకుంటాండాము కాబట్టి ఏది పడేస్తే అది ఉతకాల్సిందే, మారుమాట్లాడకూడదు. సంచిని తిరగేసి నీళ్ళలో జాడిస్తే మూలల్లో మిగిలిన ఎరువు కరిగి చేతులు చురచురమనేవి. మా అమ్మ తిట్టుకుంటానే జాడించేది.

ఇంక చెరువు రంగు మారడం. ముందు రేవు పక్కన గట్టు వెంబడి పచ్చగా తెట్టులాగా కనిపించింది. నాచేలే అనుకున్నాం. ఆ తర్వాత ఏటికి చెరువు మొత్తం పచ్చని రంగు కలిపినట్టు అయిపోయింది. ఎండ ఎక్కితే పైన మీగడ కట్టేది, గాలికి ఆ మీగడంతా వచ్చి మా రేవులోనే చేరేది. కంపు అంటే అట్లాంటిట్లాంటి కంపు కాదు. పంచె తెల్లగా ఉతికి ఆ నీళ్ళలో జాడిస్తే పాచి మరకతో పైకొచ్చేది. గుడ్డలోళ్ళేమో "ఏందిది, ఉతికినారా, బురదలో పొర్లించినారా" అని మా మొహాన విసిరికొట్టేవాళ్ళు. చచ్చిన చేపలు తేలేవి. మా చేతులకి దద్దుర్లు. మా నాయన గోక్కుంటానే ఉతికేవాడు, మేము గోక్కుంటానే ఆరేసేవాళ్ళం.

ఇంత జరిగితే ఊరు ఊరుకుంటాదా? ఎవునిదో ఒకని తప్పు కావాల. మెత్తనోణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దోళ్ళు. "రేవు కాడనే పచ్చమీగడ ఎక్కువుండాది, చూడండి. ఈ చాకలోళ్ళు ఇప్పుడు సౌడు మానేసి సబ్బుపొడి ఏస్తాండారు, దాంతోనే చెరువు చెడింది" అని ఒకడు అన్నాడు. రెండోవాడు అవునన్నాడు. పదిమంది నోళ్ళలో పడినాక ఇంక అదే నిజం. సబ్బుపొడి మేము వాడిన మాట వాస్తవమే. పుంగనూరు బజారులో ఒక సాయిబు అంగట్లో కొనేవాళ్ళం, అది కూడా పెండ్లి గుడ్డలకి, మెత్తటి గుడ్డలకి మాత్రమే. అయినా అది ఎవురు వింటారు.

అప్పుడు సర్పంచి ఒకాయన ఉండేవాడు. చెరువు పైపక్క ఎక్కువ చేను ఆయనదే, టమోటా అంతా ఆయనదే. చెడ్డోడని నేను చెప్పను. మా నాయనని 'ఒరే' అనే పిలిచేవాడు గాని, మా అమ్మకి కాన్పు కష్టమైతే బండి కట్టించిన మనిషి. ఆయన మా నాయనని పిలిపించి, "ఒరే, ఊరంతా ఒకమాట మింద ఉండారు. రేవు మానుకోండి. వేరే యాడన్నా ఉతుక్కోండి" అన్నాడు.

మా నాయన తల వంచుకొని వచ్చేసినాడు. మా అమ్మ వంచుకొనే రకం కాదు. "ఎవురో అంటే అయిపోయిందా? నీళ్ళు ఎత్తుకొని పోయి ఆఫీసులో సూపీండి. మదనపల్లెలో వ్యవసాయం ఆఫీసు ఉండాది గదా, సదువుకున్నోళ్ళు సూసి సెప్పనీ, మా సబ్బా కాదా అని" అని పట్టుబట్టింది. పోయి ఆ మాట సర్పంచితోనే అనింది. ఆయనకీ మదనపల్లెలో ఏదో పనుండాది, సరే నేనూ వస్తా పదండి అన్నాడు. బోర్డులు చదివేదానికి నన్ను కూడా రమ్మన్నాడు మా నాయన. నాకప్పుడు పద్దెనిమిది ఉంటాయేమో, కుప్పంలో సంబంధం మాట్లాడతా ఉండారు.

నీళ్ళు పట్టేదానికి సీసా కావాల కదా. మా ఇంట్లో ఉండేది కిరసనాయిలు సీసా ఒకటే. మా నాయన పుంగనూరు పోయి ఆ సాయిబునే అడిగినాడు. ఆయన ఖాళీ షరబత్తు సీసా ఒకటి ఇచ్చి "ధో లేవ్ భాయీ" అన్నాడంట, కడుక్కోమని. ఆ సాయిబు ఆ ఒక్కమాట అనకపోయినా మా నాయన కడగకుండా ఉండేవాడు కాదులే. గలీజు అంటే ఆయనకి పడదు. అందులోనూ ఆఫీసరు చేతికిచ్చే సీసా! షరబత్తు జిగురూ, వాసనా పోవాలని ఇంత సబ్బుపొడి ఏసి, పుల్లకి గుడ్డముక్క చుట్టి లోపలంతా తోమినాడు. తోమి తోమి అద్దంలాగా చేసినాడు. ఆ తర్వాత చెరువులోనే ఒకసారి ముంచి ఒంపేసి, మళ్ళీ ముంచి నిండా పట్టినాడు. మూత బిగించి పైన గుడ్డ కట్టినాడు, ఆ గుడ్డ కూడా ఉతికిందే.

తెల్లారి బస్సెక్కినాం. సర్పంచి ముందు సీటులో, మేము ఎనకాల. మా నాయన సీసాని ఒళ్ళో పసిబిడ్డని పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఆఫీసులో మమ్మల్ని చూసినోళ్ళు ఎవురూ చాకలోళ్ళని అనుకోలేదు, అంత తెల్లగా ఉండాడు మా నాయన.

ఆ ఆఫీసరు నడివయసు మనిషి. బల్లనిండా కాగితాలు, గుమ్మం నిండా రైతులు. మా సంగతి వినినాడు, విననట్టు ఏమీ చేయలేదు. "ఇక్కడ మట్టి పరీక్షేనయ్యా, నీళ్ళు వేరే చోటికి పంపాల" అంటానే సీసా అందుకొని కిటికీ వైపు ఎత్తి చూసినాడు. మూత గట్టిగా ఉందో లేదో చూసి ఒక్క ఊపు ఊపినాడు. లోపల తెల్లగా నురగ లేచింది. ఆగినాక కూడా ఆ నురగ అణగలేదు.

"ఇదేందయ్యా, సబ్బు నీళ్ళు కదా ఇవి" అన్నాడాయన.

"నేను చెప్తానే ఉండా సార్, వింటేనా" అన్నాడు సర్పంచి.

మా నాయన మొహం చూడాల్సింది. నేనే ముందుకొచ్చి, "సార్, అది చెరువు సబ్బు కాదు సార్. సీసా కడిగినాం సార్, సబ్బుపొడితో" అన్నాను.

"ఎందుకు కడిగినారమ్మా?"

"వాసన వస్తాంటే సార్. మీకిచ్చేది కదా అని."

సర్పంచి పగలబడి నవ్వినాడు. "చాకలోనికి ఏది దొరికినా కడగాల్సిందే సార్" అన్నాడు. గుమ్మంలో ఉండే రైతులూ నవ్వినారు. ఆఫీసరు కూడా చిన్నగా నవ్వి, "వేడినీళ్ళతో బాగా జాడించిన సీసాలో మళ్ళీ పట్టుకొని రాండి, పంపిస్తాను" అన్నాడు. మంచి మాటే చెప్పినాడు, నేను కాదనను. అయితే మళ్ళీ ఎవురు తెస్తారు? సర్పంచికి చూడాల్సింది కనిపించింది. ఊరికి మేము చేరకముందే ఆ నురగ సంగతి చేరింది. ఎట్లనో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్సులో మా నాయన ఒకేమాట. "ఇంగొక తూరి జాడించి ఉంటే సరిపోయేది." దిగినాక కూడా అదే. ఇంటికొచ్చినాక సంగతంతా వినిన మా అమ్మ "నీ శుద్ధం తగలెయ్య! ఎవురన్నా సాచ్చికానికి పోయేటోడు సాచ్చాన్ని సబ్బుతో తోముతాడా?" అని నెత్తిన కొట్టుకొనింది. అని, తానే నవ్వింది, నవ్వి ఏడ్చింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఎవురి మింద మండాలో కూడా తెలియలేదు.

చావడికాడ తీర్మానం అయిపోయింది. చెరువులో గుడ్డలు ఉతకరాదు. ఆడోళ్ళు చావడి ఎక్కేది లేదు కాబట్టి మా అమ్మ దోవలో నిలబడే అరిచింది. "మీ ఎరువు సంచులు ఉతికింది మేమే గదప్పా, మీరు పంపిస్తేనే గదా! సేన్లోంచి వచ్చే నీళ్ళు ఏ రంగుంటాయో ఎవురూ సూడలేదా?" అని. "ఈయమ్మకి నోరు ఎక్కువైంది" అన్నారు. అంతే.

ఊరికి తూర్పున ఒక పాడుబావి పక్కన గుంత తవ్వుకొని ఉతకడం మొదలుపెట్టినాం. చెరువులో అయితే నీళ్ళే మన కాడికి వస్తాయి. ఈడ ప్రతి గుడ్డకీ చేది పోసుకోవాల. చేదీ చేదీ మా నాయన భుజం దిగిపోయింది. నీళ్ళు చాలక గుడ్డలు తెల్లగా వచ్చేవి కాదు. "ఏమి ఉతుకుడురా ఇది" అనేది మళ్ళీ వాళ్ళే. కొందరు ఇంట్లోనే సబ్బుపొడితో ఉతుక్కోవడం నేర్చుకున్నారు. మేర సగానికి వచ్చింది, ఆ తర్వాత సగంలో సగం. మా అమ్మ కూలికి పోవడం మొదలుపెట్టింది. ఆ మధ్యలోనే నా పెండ్లయింది. కుప్పం రైలుస్టేషను వీధిలో నా మొగునికి ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె బరువుకి చెయ్యి లాగేది గాని, నీళ్ళు చేదేపని లేదు. అది చాలనుకున్నాను.

ఎప్పుడన్నా ఊరికి పోతే ముందు కట్ట ఎక్కి చెరువు చూసేదాన్ని. పచ్చగానే ఉండేది. మేము రేవు వదిలి ఏడాదయినా పచ్చదనమే. రెండేండ్లయినా పచ్చదనమే. అది చూస్తే నాకు లోపల ఒక పాడు సంతోషం. వెంటనే ఏడుపు. పచ్చగుంటే మాకేమొచ్చింది, తేటగుంటే మాకేమొచ్చింది?

నా రెండో కాన్పుకి ఊరికి వచ్చినప్పుడు ఇంకో ఆఫీసరు వచ్చినాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లోడు, స్కూటరు మింద తిరిగేవాడు. సర్పంచి పాడి ఎనుములు రెండు ఆ పచ్చమీగడ నీళ్ళు తాగి నురగలు కక్కి చచ్చిపోయినాయి, దాని గురించి పిలిపించినారు. ముందురోజే గట్టివాన పడింది. ఆ పిల్లోడు కట్ట మింద నిలబడలేదు. చెప్పులు చేతబట్టుకొని పైపక్క చేన్లలో బురదలో తిరిగినాడు. చేన్లోంచి ఎర్రనీళ్ళు చెరువులో పడేతావు కాడ గొంతుకూర్చొని చూసినాడు. అందరూ ఆయన ఎనకాల. చంటిబిడ్డని ఎత్తుకొని నేనూ దూరంగా నిలబడి ఉండా.

"చెరువులో గుడ్డలు ఉతికేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగినాడు.

"ఇప్పుడు లేరు సార్. వాళ్ళని ఎప్పుడో తోలేసినాం" అన్నాడు ఒకాయన, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"మరి ఇప్పుడు పచ్చగా ఎందుకుంది?"

నేను ఒక్కొక్కరి మొహమూ చూసినాను. అందురూ కాళ్ళకింద నేలే చూస్తా ఉండారు. అప్పుడు ఎవురన్నా ఒక్కరు మా నాయన పేరు ఎత్తుతారేమోనని చూసినాను. ఎత్తలేదు.

ఆ పిల్లోడు ఓపిగ్గా చెప్పినాడు. మూట ఎరువులో భాస్వరం అని ఒకటి ఉంటాదంట. అది మన్నుని కరుచుకొని ఉంటాదంట. మన్ను కొట్టుకొని వస్తే దాంతోనే అదీ చెరువుకి వస్తాది. చేన్లో టమోటాకి ఏది బలమో, చెరువులో పాచికీ అదే బలం. పైగా ఇన్నేండ్లు చేరింది అడుగు మన్నులో కూచోని ఉండాది, ఈరోజు చల్లేది నిలిపినా రేపటికి చెరువు తేటపడదు అన్నాడు. సబ్బుపొడిలో కూడా అది కొంచెం ఉంటాది గాని, ఈ చేన్ల ముందు అది ఒక లెక్క కాదు అన్నాడు. ఆ మాట నేను విన్నాను. అక్కడుండే వాళ్ళందురూ విన్నారు.

చేయాల్సింది కూడా చెప్పినాడు. మబ్బు చూసి చల్లకండి. మొక్క పక్కన గుంత పొడిచి, ఎరువేసి మన్ను కప్పండి. చేనికీ చెరువుకీ నడాన దున్నకుండా గడ్డి వదలండి, కొట్టుకొచ్చే మన్ను ఆడ ఆగుతుంది. సంచులు చెరువులో జాడించకండి. ఎండాకాలంలో మీ తాతలు తోలినట్టే అడుగు మన్ను తోలి చేన్లకి ఏసుకోండి, అందులోనే మీరు కొన్న ఎరువుండాది అన్నాడు. ఇదంతా వినేదానికి బాగుండాది. ఎవుడు గడ్డికి వదుల్తాడు చెప్పండి, మడి గట్టు కూడా అరిచెయ్యంత మిగల్చని ఊళ్ళో? చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంకో రెండు ఎనుములు చచ్చినాక సర్పంచే ముందు కదిలినాడు. ఆయన వదిలినాక మిగిలినోళ్ళు సణుక్కుంటా వదిలినారు.

గుంత పొడిచి ఎరువేసేదానికి ఆడకూలీలు కావాల. ఒకామె కట్టెతో పొడిచేది, ఇంకొకామె చిటికెడు ఏసి కాలితో మన్ను తోసేది. ఆ కూలికి పోయినోళ్ళలో మా అమ్మ ఉండాది. పొద్దన్నుంచి మాపుదాకా నడుం వంచి సర్పంచి చేన్లోనే చేసింది. "ఏమే, సెరువుని ఇప్పుడు నేనే బాగుచేస్తాండా సూడు" అని నాతో అనింది ఒకసారి. ఎగతాళిగానే అనింది, ముఖంలో మాత్రం నవ్వు లేదు. అలసిపోయి ఉండాది పాపం.

తర్వాత వానలు మొహం చాటేసినాయి. చెరువు అడుగంటి నెర్రెలు ఇచ్చింది. ఆ ఎండాకాలం చెరువులోకి బండ్లు దిగినాయి, ఎన్నాళ్ళకో. నల్లమన్ను గడ్డలు గడ్డలుగా తవ్వి తోలినారు. కరువు కూలి కూడా దొరికింది జనానికి. మళ్ళీ వానలు పడి చెరువు నిండినప్పుడు మొదటి ఏడు అక్కడక్కడా పచ్చ కనిపించింది. ఆ మరుసటి ఏడు మోకాలిలోతులో నిలబడితే కాలి ఏళ్ళు కనిపించినాయి. మా నాయన పోయి చూసొచ్చి ఆ మాట చెప్పినాడు. సంతోషంగానే చెప్పినాడు. ఆయన సంతోషం చూసి మా అమ్మకి ఒళ్ళు మండింది.

దసరాకి నేను ఊళ్ళో ఉండంగా సర్పంచి మా ఇంటికొచ్చినాడు. ఆయన మా వీధిలో కాలుపెట్టడం నేను చూసింది అదే మొదలు. మా నాయన గబగబా మంచం వాల్చి, దులిపి, దుప్పటి పరిచినాడు. ఆయన కూర్చోలేదు. ముసలితనం వచ్చేసింది ఆయనకి కూడా.

"ఒరే, చెరువు బాగయింది. మీ రేవు మీదే. రేపటినుంచి వచ్చి ఉతుక్కోండి. మేర కూడా మునుపటి మాదిరి కొలుస్తామని అందురూ ఒప్పుకున్నారు" అన్నాడు.

మా నాయన చేతులు జోడించినాడు. మా అమ్మ గడపలోంచి లేచి వచ్చింది.

"అట్లనే వస్తాం అప్పా. ఒక మాట మాత్రం సెప్పండి. తప్పు మాది కాదని చావడికాడ నలుగుర్లో ఒక్కతూరి అనండి. అంతే. మేర తక్కువ కొలిసినా ఫరవాలేదు."

"దాందేముందమ్మే, అందురికీ తెలిసిందే కదా."

"తెలిసిందే సెప్పమంటాండా."

"ఎప్పటిదో ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తాది? అప్పుడు అందురూ అనుకున్నారు, అంతే. ఎవురో ఒక్కరు అన్న మాటా ఏంది" అన్నాడాయన. కండువా భుజం మింద సర్దుకొని పోయినాడు. కోపంతో పోలేదు. ఏదో అరిగిపోయిన మాట అడిగినట్టు, విసుగుతో పోయినాడు.

ఆ మాపు మా ఇంట్లో ఎవురూ సరిగ్గా తినలేదు. మా అమ్మ "నేను పోను, నువ్వూ పోవద్దు" అనింది. నేను మా అమ్మ పక్కనే మాట్లాడినాను. "యాల పోవాల నాయనా, కుప్పం రా, ఇస్త్రీ బండి కాడ కూర్చుందువు" అన్నాను. మా నాయన దుప్పటి కప్పుకొని పండుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే మూట కడతా ఉండాడు.

"పోతాండావా?" అనింది మా అమ్మ.

"ఊరు అనింది గాని, నీళ్ళు నన్ను ఏమీ అనలేదు గదమ్మే" అన్నాడు. ఒక భుజం పనిచేయదు కాబట్టి మూట రెండో భుజానికి ఎత్తుకొని కట్టవైపు పోయినాడు.

మా అమ్మ పోలేదు. మా నాయన రేవులో, మా అమ్మ పాడుబావి గుంతకాడ. ఒకే ఇంట్లోంచి రెండు మూటలు రెండు దిక్కులకి పోయేవి. ఊళ్ళో నవ్వేవాళ్ళు. పెండ్లాం మొగుడూ పంతాలు పట్టినారు అనుకొనేవాళ్ళు. మా నాయన ఓపిక ఉన్నన్నాళ్ళు ఉతికి కాలం చేసినాడు. ఆ తర్వాత మా అమ్మని కుప్పం తెచ్చుకున్నాను. ఆమె మంచం పట్టినాక ఊరినుంచి ఎవురు చూసేదానికి వచ్చినా, వాళ్ళు లేచి పోయినాక నన్ను దగ్గరికి పిలిచేది.

"ఏమ్మే, ఎవురన్నా ఏమన్నా సెప్పినారా?"

ఏమి సెప్పాలని అడుగుతాండాదో నాకు తెలుసు. లేదమ్మా అనేదాన్ని. ఒకసారి అబద్ధం చెప్పేద్దామా అనుకున్నాను గాని, ఆమె మొహం చూసి చెప్పలేకపోయినాను.